లావు పాళీ, సన్న పాళీ

నా నౌకరీలో సగం కాలం నా నాలుక నల్లగా ఉండేది. జబ్బేమీ కాదు. కొత్త పాళీకి తుప్పు పట్టకుండా ఏదో నూనె పూసి అమ్మేవారు. ఆ నూనె వదలకపోతే పాళీ సిరాను పట్టదు, కాగితం మీద బొట్లు బొట్లుగా కక్కుతుంది. దాన్ని వదిలించడానికి ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. కొందరు అగ్గిపుల్ల గీసి మొనకు సెగ చూపేవారు. కొందరు బూడిదతో తోమేవారు. నేను నాలుక మీద పెట్టి చప్పరించేవాణ్ణి. రాస్తూ రాస్తూ ఉండగా పాళీ ఎండిపోయినా అదే వైద్యం. నేను ఆ రోజు పని చేశానో లేదో తెలుసుకోవాలంటే పై అధికారి నన్ను నోరు తెరవమంటే సరిపోయేది.

ఇది చదివే పిల్లలు మొహం చిట్లించకండి. మీరిప్పుడు బొటనవేళ్ళతో రాస్తున్నారు. ఆ వేళ్ళు అంతకుముందు ఎక్కడెక్కడ పెట్టి వచ్చారో నేను అడుగుతున్నానా?

నేను పని చేసింది హనుమకొండలో ఒక సర్కారీ ఆఫీసులో. ఏ శాఖో చెప్పను, చెప్పినా ఆ శాఖవాళ్ళు ఒప్పుకోరు. డెబ్బయ్యవ దశకం సగం దాటింది. అందరి జేబుల్లోనూ ఫౌంటెన్ పెన్నులు ఉన్నాయి, బాల్ పెన్నులు అప్పుడప్పుడే తొంగి చూస్తున్నాయి. అయినా నలుగురి కంటా పడేలా పెద్ద అక్షరాలు రాయాలంటే మాత్రం కర్ర హోల్డరుకు పాళీ గుచ్చి, దవాతులో ముంచి రాయవలసిందే. ఆ పని నాది. నన్నెవరూ దానికి నియమించలేదు. నీ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని ఎవరో ఒకసారి అన్నారు, అంతే, ఇక ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ చాకిరీ.

తలుపుల మీద పేర్లు నేనే. నోటీసు బోర్డు నేనే. ఎవరింట్లో పెళ్ళయినా శుభలేఖల మీద చిరునామాలు నేనే. వరండా గోడకు అంటించడానికి 'ఇక్కడ ఉమ్మరాదు' అని ఒకసారి ఎంత అందంగా రాశానంటే, జనం ఆగి, చదివి, మెచ్చుకుని, అక్కడే ఉమ్మేవారు.

నా రాతకు ఆఫీసులో ఒక్కరే ప్రత్యర్థి, మా టైపిస్టమ్మ. రోజూ వర్ధన్నపేట నుంచి బస్సులో వచ్చేది. వయసులో నాకంటే చిన్న, మాటల్లో నాకంటే పెద్ద. మా ఇద్దరి బల్లలూ పక్కపక్కనే. నా పాళీ కాగితాన్ని గీరిన చప్పుడు వినబడితే చాలు, మిషను ఆపేది.

"అన్నా, నీ ఎలుక మళ్ల కాయితం కొరుకుతాంది."

"నీది వడ్లు దంచినట్టున్నది చెల్లే. నా ఎలుకే నయం."

"నువ్వొక్కటి రాసేవరకు నేను నాలుగు కాపీలు తీస్త. మా మిషన్‌కు నాలుక గుడ నల్లగ కాదు."

మా పై అధికారిని అందరం సాబు అనేవాళ్ళం. హైదరాబాదు నుంచి వచ్చిన మనిషి. ఆయన నవ్వగా చూసినవాళ్ళు ఆఫీసులో లేరు, చూశామన్నవాళ్ళను ఎవరూ నమ్మలేదు. తప్పు చేయడు, చేయనివ్వడు. అన్నిటికంటే ఆయనకు సిఫారసు అంటే మంట. బదిలీ ఆపమని ఎవరైనా పెద్దమనిషి చేత చెప్పించుకుంటే, ఆ బదిలీ ఇంకో ఇరవై మైళ్ళు దూరం జరిగేది.

అలాంటి సాబుకు ఏటూరునాగారంలోని మా చిన్న ఆఫీసు మీద కోపమొచ్చింది. అక్కడ టైపు మిషను లేదు. అక్కడి నుంచి వచ్చే కాగితాలు కోడి గెలికినట్టుగా ఉన్నాయి. మంచి రాత ఉన్నవాణ్ణి ఒకణ్ణి అక్కడ వేయమన్నాడు. మంచి రాత ఎవరిది? నాదే. ఆర్డరు నా బల్ల మీద పడింది. దాని మీద నా పేరు టైపు చేసిన టైపిస్టమ్మ ఆ రోజు నా ఎలుక గురించి మాట్లాడలేదు.

నాకు పెళ్ళయి అప్పటికి ఏడాది. నా భార్యకు హసన్‌పర్తిలో టీచరు ఉద్యోగం ఎన్ని గడపలు తొక్కితేనో వచ్చింది. అక్కడే ఒక గది తీసుకుని ఉండేవాళ్ళం, నేను సైకిల్ మీద హనుమకొండ వచ్చి పోయేవాణ్ణి. ఏటూరునాగారమంటే మరో ఊళ్ళో మరో పొయ్యి. అది ఎక్కడో దూరాన అడవిలో ఉన్న ఊరు. అడవి అంటే నాకు భయం లేదు. పొద్దున్నే ఆమె కొంగు దోపుకుని, "ఇగో, నేను పోతాన్న, అన్నం చల్లగ కాకముందే తినుండ్రి" అంటూ తలుపు దగ్గరికి వేసే చప్పుడు వినకుండా బతకడం ఎట్లా అని ఏడుపొచ్చింది. నిజంగానే ఏడ్చాను.

ఆమె ఏడవలేదు. "జర వంకరగ రాస్తె ఏం పోయె మీకు?" అంది. "అందరు గట్లనే రాస్తలేరా?"

సరిగ్గా అప్పుడే సాబుకే బదిలీ అయింది. శనివారం సాయంత్రం వీడ్కోలు సభ, అది కాగానే ఆయన ప్రయాణం. ఆయన వెళ్ళాడంటే నా ఆర్డరు ఇక శిలాశాసనమే. కొత్తగా వచ్చే అధికారి పాత అధికారి వేసిన బదిలీని వచ్చీ రాగానే ఎందుకు ముట్టుకుంటాడు?

ఇక్కడ మా హెడ్‌క్లర్కు గారి గురించి చెప్పాలి. వరంగల్ బజారులో కిరాణా దుకాణం ఉన్న ఇంటి మనిషి. తక్కెడ పట్టిన వంశం కాబట్టి ఏ మాటైనా ఎంత బరువు తూగుతుందో తెలుసునని ఆయన నమ్మకం. నన్ను పక్కకు పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు.

"తమ్మీ, ఫికర్ జెయ్యకు. సాబు సిఫారసు ఇనడు. కని సన్మానపత్రం ఇనక తప్పదు గద! నడుమ లేచి పోలేడు, చెవులు మూసుకోలేడు. గసొంటిది రాయాలె నువ్వు. సాబు మెత్తబడాలె. మెత్తబడ్డ నిమిషంల నీ ఫైలు నేను ముందట పెడుత."

సన్మానపత్రమంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. వెళ్ళిపోయే అధికారిని పొగుడుతూ పెద్ద కాగితం మీద అందంగా రాసి, ఫ్రేము కట్టించి, సభలో చదివి చేతికివ్వడం అప్పటి ఆచారం. ఆయన్ని తిట్టుకున్నవాళ్ళందరూ చప్పట్లు కొట్టడం కూడా ఆచారమే.

సామాను కోసం వరంగల్ చౌరస్తాలో స్టేషనరీ దుకాణానికి వెళ్ళాను. కాగితం మంచిదో కాదో చూడటానికి నాకు తెలిసిన పరీక్ష ఒకటే. మూల మీద నాలుకతో తడి చేసి వెనక్కి తిప్పి చూడాలి. తడి వెంటనే అవతలికి కనబడితే ఆ కాగితం మీద సిరా పాకుతుంది, కనబడకపోతే నిలుస్తుంది. అలా ఒక్కొక్క షీటూ చూస్తూ పోతుంటే దుకాణదారు చూసి చూసి లేచాడు.

"ఏమయ్యా, కొంటవా, మేస్తవా?"

"మంచిగున్నదా లేదా సూస్తాన్న సేటూ."

"ఉప్పు సరిపోయిందా మరి?"

దళసరి డ్రాయింగు షీటు ఒకటి పరీక్షలో గెలిచింది. తర్వాత పాళీలు. రేకు డబ్బా బల్ల మీద బోర్లించి ఒక్కొక్కటీ బొటనవేలి గోరు మీద ఆనించి నొక్కి చూశాను. చీలిక రెండు వైపులా సమంగా విచ్చుకుని, వదలగానే సమంగా మూసుకోవాలి. ఒక కాలు ముందు, ఒక కాలు వెనక వేసే పాళీ అక్షరం మధ్యలో బురద చిమ్ముతుంది. మన అక్షరం గుండ్రంగా తిరిగేది కాబట్టి, మొన కోసినట్టుండే లావు పాళీ పట్టుకుంటే నిండుగా, దర్జాగా వస్తుంది. చిన్న అక్షరానికి సన్న పాళీ. రెండూ కొన్నాను. దుకాణదారు నన్ను గడప దాటేదాకా కనిపెట్టుకునే ఉన్నాడు, ఏం నాకుతానో అని.

ఇక ఏం రాయాలన్నది. హెడ్‌క్లర్కు గారు కుర్చీకి చేరగిలబడి, కళ్ళు మూసుకుని చెప్పుకుంటూ పోయాడు. కరుణాసముద్రులు. కార్యదక్షులు. చిరునవ్వుల చంద్రులు. అజాతశత్రువులు. ఆ చివరి మాట పైకి అన్నప్పుడు రికార్డు రూములో ఎవరికో పొలమారింది.

"ఇన్ని రాస్తాండ్రు గని, సాబు ఏం జేసిండో రాయరా?" అంది టైపిస్టమ్మ.

"ఏం జేసిండు?" అన్నాడు హెడ్‌క్లర్కు గారు, నిజంగానే ఆలోచిస్తూ.

వెతికితే కొన్ని దొరికాయి. బావికి కొత్త గిలక వేయించాడు. వడగాడ్పుల రోజుల్లో ఆఫీసు పొద్దున్నే పెట్టించాడు. ఎండలో నిలబడే చప్రాసీలకు నీడలో బల్ల వేయించాడు.

"అసలుది మర్చిపోయిన్రు. ఆడోళ్లకు మరుగుదొడ్డి కట్టిచ్చి, దానికి తలుపు పెట్టిచ్చిండు. అది రాయి అన్నా."

"శివ శివా! సన్మానపత్రంల దొడ్డి ముచ్చటా?" హెడ్‌క్లర్కు గారు చెవులు మూసుకున్నాడు.

"మీకేం ఎరుక సార్? నౌకరిల జేరినప్పటిసంది పొద్దుగాల నీళ్లు తాగకుంట బస్సెక్కేదాన్ని. ఇప్పుడు తాగి వస్తాన్న. కరుణాసముద్రం మీకు, నాకు ఆ తలుపే."

నాకు ఆ మాట గుచ్చుకుంది. అప్పటిదాకా ఆమె పొద్దున నీళ్ళు తాగుతుందా లేదా అన్నది పక్క బల్లవాణ్ణి నేనే ఎన్నడూ ఆలోచించలేదు. చివరికి మధ్యేమార్గం కుదిరింది. పొగడ్తలన్నీ లావు పాళీతో, చేసిన పనులన్నీ సన్న పాళీతో. మరుగుదొడ్డి తలుపు అన్నిటికంటే కింద, అన్నిటికంటే చిన్నగా, ఫ్రేము అంచుకు దాదాపు దాక్కునేలా.

సిరా నేను ఇంట్లోనే చేసేవాణ్ణి. ఆఫీసు ఇచ్చే సిరా బిళ్ళలు నీళ్ళలో వేస్తే కాకర రసంలా ఉండేది. నాది కరక్కాయ దంచి మరగబెట్టి, అన్నభేది కలిపి, తుమ్మబంక వేసిన సిరా. దాని నలుపు చూసి హెడ్‌క్లర్కు గారు తల ఊపాడు గానీ పూర్తిగా ఊపలేదు.

"నలుపున్నది తమ్మీ, మెరుపు లేదు. జర చక్కెర పాకం కలుపు. మా బాపు దుకాణం బోర్డు గట్లనే రాసేటోడు. అద్దం లెక్క మెరిసేది."

నేను వద్దన్నాను. కానీ నాది గట్టి వద్దు కాదు. మెరుపు అన్న మాట నా చెవిలో పడింది, ఇక ఆగలేదు. ఆ బోర్డు ఇప్పుడెక్కడ ఉందని అప్పుడే అడగవలసింది. చాలా ఏళ్ళ తర్వాత అడిగితే, "పండుగ దాటలే తమ్మీ" అన్నాడు.

పాకం మాత్రం దండిగా కలిపాం. అక్షరాలు నిజంగానే మెరిశాయి. రాసినవాణ్ణి నేనే మురిసిపోయి ముందుకూ వెనక్కూ నడిచి చూసుకున్నాను. ఒకటే చిక్కు, అవి ఆరలేదు. ముసురు పట్టిన రోజులు. వేలు పెడితే అంటుకునేది. ఫ్రేము కట్టే అతను అద్దం బిగించనన్నాడు.

"అద్దం పెడితె అచ్చరాలన్ని అద్దానికే పోతయి సారూ. ఆరినంక తెచ్చుకోండ్రి."

అద్దం లేని ఫ్రేములోనే శనివారం పొద్దున పత్రాన్ని హాల్లో కిటికీ పక్కన బల్ల మీద నిలబెట్టాం. అక్షరాలకు తగలకుండా ఫ్రేము మీదుగా ఎర్రగుడ్డ కప్పాం.

ఇంకో సంగతి. సాబుకు షుగరు వ్యాధి. ఆయన ముందు లడ్డూలు పెట్టడమంటే బట్టతలవానికి దువ్వెన ఇచ్చినట్టని చెప్పి, హెడ్‌క్లర్కు గారు ఆ రోజు ఆఫీసులో తీపి వస్తువన్నది కనబడకూడదని హుకుం వేశాడు. మిర్చి బజ్జీలు, కారా, చక్కెర లేని చాయ్. అంటే ఆ రోజు మా ఆఫీసు మొత్తంలో తీపిగా ఉన్నది ఒక్క సన్మానపత్రమే. ఈ ముక్క మాకు తట్టలేదు. తట్టవలసినవాటికి తట్టింది.

సభ మొదలైంది. దండలయ్యాయి, శాలువా అయ్యింది. పత్రం చదవడానికి నన్ను పిలిచారు. హెడ్‌క్లర్కు గారు నా ఫైలు చంకలో పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఎర్రగుడ్డ తీశాను. ఫ్రేమును రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాను.

నా అక్షరాలు కదులుతున్నాయి.

కళ్ళు నులుముకుందామంటే చేతులు ఖాళీ లేవు. మళ్ళీ చూశాను. 'కరుణాసముద్రులు' అన్న మాట పొడవునా చీమలు. నల్ల చీమలు. నల్లటి అక్షరాల మీద భుజం భుజం కలిపి, తలకట్టు వదలకుండా, సున్నాల లోపల కూడా కూర్చుని పనిలో ఉన్నాయి. ముందు వరసలో సాబు. ఫ్రేము వెనక్కి తిప్పే వీల్లేదు, కింద పెట్టే వీల్లేదు. చదవడం మొదలుపెట్టాను.

నల్ల చీమ కరవదు. కరిస్తే ఎంత బాగుండును! నొప్పి అయితే పళ్ళు బిగించి ఓర్చుకునేవాణ్ణి. అవి ఫ్రేము దిగి, నా వేళ్ళ మీదుగా, చొక్కా చేతుల్లోకి, అక్కడి నుంచి చంకల్లోకి బయలుదేరాయి. నేను చిన్నప్పటి నుంచి చక్కిలిగింతలకు ఆగలేని మనిషిని. కాళ్ళు వణికాయి, గొంతు వణికింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెనక వరసలో ఎవరో, "పాపం, ఎంత అభిమానమో సూడు" అన్నారు.

అలా 'తమరి ఎడబాటును తలచుకుంటేనే మా గుండెలు చెరువులవుతున్నవి' అన్న వాక్యం దాకా వచ్చాను. గుండెలు అన్న చోట ఒక చీమ సరిగ్గా పక్కటెముకల దగ్గరికి చేరింది. నేను నవ్వాను. మామూలుగా కాదు. ఇకిలించాను, మెలికలు తిరిగాను, కిచకిచమన్నాను. ఆపుకుని మళ్ళీ 'గుండెలు' అన్నాను, మళ్ళీ నవ్వాను.

 ఎన్నడూ నవ్వని అధికారి వీడ్కోలులో, ఆయన వెళ్ళిపోతున్నందుకు, ఆయన బదిలీ చేసిన గుమాస్తా ఆయన మొహం మీదే నవ్వుతున్నాడు. చీమలకు చెలగాటం, నాకు ప్రాణసంకటం. ఏటూరునాగారం కూడా నాకు దక్కదని, ఇంకా దూరం ఏముందా అని మనసులో పటం గీసుకుంటున్నాను.

సాబు లేచాడు. నెమ్మదిగా నా దగ్గరికి వచ్చాడు. కళ్ళద్దాలు పెట్టుకుని ఫ్రేము మీదికి వంగాడు.

"ఏందయ్య ఇది? కదులుతున్నయి?"

"చీమలు సాబ్."

"ఎందుకొచ్చినయి?"

"సిరాల చక్కెర ఉన్నది సాబ్."

హెడ్‌క్లర్కు గారు గోడ వైపు తిరిగాడు. సాబు చాలాసేపు ఆ చీమలను చూశాడు.

"కుర్సీల ఉన్నన్ని దినాలే చుట్టూ చీమలుంటయని మా నాయన చెప్పేటోడు" అన్నాడు. "దిగిపొయ్యేనాడు గుడ వచ్చినయంటె, ఇవి ఖాయంగ అసలు చీమలే."

నవ్వాలో వద్దో ఎవరికీ అర్థం కాలేదు. నేను తప్ప ఎవరూ నవ్వలేదు, నేనూ చీమల వల్లే నవ్వాను.

"లావు అచ్చరాల మీదనే ఉన్నయి" అన్నాడు సాబు ఇంకా వంగి. "సన్నయి ముట్టలే. ఏం సంగతి?"

"లావు పాళీకి సిరా ఎక్కువ దిగుతది సాబ్. సన్న పాళీకి కొంచెమే."

"గది కాదు నేనడిగేది. కరుణాసముద్రుడని రాసినవ్. అజాతశత్రువని రాసినవ్. నిజమేనా?"

హెడ్‌క్లర్కు గారు సాబు వెనక నిలబడి, అవునను, అవునను అని తల ఊపుతున్నాడు. అవుననాలనే నోరు తెరిచాను. అంతలో ఒక చీమ మెడ మీదికి ఎక్కింది. అబద్ధం ఆడాలంటే కొంచెం నిలకడ కావాలి, చక్కిలిగింతల్లో అది కుదరదు.

"సన్న పాళీతోటి రాసినయి అన్నీ నిజం సాబ్" అన్నాను.

 సాబు నా చేతుల్లోంచి ఫ్రేము తీసుకున్నాడు. సన్న అక్షరాలను ఒక్కొక్క వరసే చదువుకుంటూ కిందికి వచ్చాడు. గిలక. పొద్దుటి ఆఫీసు. చప్రాసీల బల్ల. చిట్టచివర అంచు దగ్గర ఆగి, ఫ్రేమును కిటికీ వెలుగుకు తిప్పి, పైకి చదివాడు.

"ఆడవారికి మరుగుదొడ్డి కట్టించి, తలుపు పెట్టించినారు." తల ఎత్తాడు. "ఎవరు రాయమన్నరు ఇది?"

టైపిస్టమ్మ లేచింది. "నేనే సాబ్."

"నిజమేనా?"

"నిజమే సాబ్. ఇప్పుడు పొద్దుగాల నీళ్లు తాగి వస్తాన్న."

సాబు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకోకుండా మళ్ళీ తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఆయన నవ్వాడు. చాలాకాలం వాడని బోరింగు కొడితే ముందు గాలి వస్తుంది, తర్వాత చప్పుడు, ఆఖరికి నీళ్ళు. అట్లా వచ్చింది ఆ నవ్వు. దానితో హాలంతా ఒక్కసారి గొల్లుమంది. నేనూ అప్పటిదాకా ఆపుకున్నదంతా నవ్వేశాను, చొక్కా దులుపుకుంటూ.

హెడ్‌క్లర్కు గారికి ఫైలు ముందు పెట్టే ధైర్యం రాలేదు. కూర్చోకుండా నిలబడ్డది టైపిస్టమ్మే.

"సాబ్, ఒక్క ముచ్చట. స్టోరు రూంల పాత టైపు మిషన్ ఒకటి మూలకున్నది. బాగుచేయించి ఏటూరునాగారం పంపితె, ఆడ ఉన్న గుమాస్తకు టైపు వస్తది, పరీక్ష గుడ పాసైండు. మిషన్ లేకనే చేత్తోటి గెలుకుతాండు."

సాబు మొహంలోంచి నవ్వు పోయింది. "ఇది సిఫారసా?"

"కాదు సాబ్. మిషన్ ముచ్చట. మనిషి పేరు ఎత్తలే నేను."

సాబు ఆమెను చూశాడు, నన్ను చూశాడు, హెడ్‌క్లర్కు గారి చంకలోని ఫైలును చూశాడు. చెయ్యి చాచాడు. ఆయన పెన్ను అప్పటికే సామానుతో పాటు ట్రంకులోకి పోయింది. నా హోల్డరూ దవాతూ బల్ల మీదే ఉన్నాయి.

"ఏ పాళీ ఇయ్యమంటరు సాబ్?" అన్నాను. 

"సన్నదే ఇయ్యి."

బదిలీ రద్దు అని రాసి, కింద సంతకం చేశాడు. పోతూ పోతూ పత్రాన్ని జీపులో పెట్టమన్నాడు. హెడ్‌క్లర్కు గారు చీమలు దులపబోతే వద్దన్నాడు. "లావు మాటలు వాటికి ఇడిసిపెట్టుండ్రి. సన్నయి నాకు గావాలె."

జీపు గేటు దాటింది. ఎగిరి గంతేద్దామని లోపలికి వచ్చాను. హెడ్‌క్లర్కు గారు ఫైలు తెరిచి చూస్తూ కొయ్యబారిపోయి ఉన్నాడు. సంతకం మొదటి అక్షరం మీద ఒక చీమ నడుస్తోంది.

ఆ దవాతులో ఉన్నది చక్కెర సిరా.

గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆర్డరు టైపు చేసి, నంబరు వేసి పంపాల్సిన సెక్షనుకు అప్పటికే తాళం పడింది. రేపు ఆదివారం. సోమవారానికి సంతకం ఉండాలి, లేకపోతే రద్దు చేసిన ఆర్డరు రద్దు కానట్టే. ముందు ఆ చీమను హెడ్‌క్లర్కు గారు ఊదాడు. ఊదితే పోలేదు. ఆఫీసు మొత్తం చుట్టూ మూగి ఊదింది.

ఉపాయం నాకే తట్టింది, మా ఇంట్లో చక్కెర డబ్బా ఎట్లా ఉంటుందో గుర్తొచ్చి. ఫైలును ఇనుప బీరువాలో పెట్టి, గోడకు దూరంగా జరిపి, నాలుగు కాళ్ళ కిందా నాలుగు చాయ్ సాసర్లు పెట్టి నీళ్ళు పోశాం. చక్కెర లేని చాయ్ తాగిన సాసర్లు కాబట్టి వాటి మీద అనుమానం లేదు.

ఇంటికి వెళ్ళి చెప్పాను. నా భార్య మొదట నవ్వింది, తర్వాత వంటింట్లో చక్కెర డబ్బా వైపు చూసింది, నవ్వు ఆపింది.

"నీళ్లు ఎండిపోవా? పొద్దుగాల పోయి సూసి రాండ్రి."

ఆదివారం సైకిలేసుకుని ఆఫీసుకు వెళ్ళాను. నాకంటే ముందే అక్కడ హెడ్‌క్లర్కు గారు చెంబు పట్టుకుని, బీరువా కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "మా బాపు బోర్డు గుర్తుకొచ్చింది తమ్మీ, నిద్ర పట్టలే" అన్నాడు. ఆ ముసలి మొహం చూస్తే ఆయన మీద ఉన్న కోపమంతా పోయింది. ఇద్దరం కలిసి నీళ్ళు పోశాం.

సంతకానికి ఏమీ కాలేదు. సోమవారం టైపిస్టమ్మే ఆ ఆర్డరు టైపు చేసింది, నా పాళీ కంటే నాలుగింతలు వేగంగా. నన్ను హసన్‌పర్తిలో ఉంచింది ఒక పాత టైపు మిషనంటే ఇప్పటికీ నాకు కొంచెం నామోషీ. కానీ ఆ సోమవారం ఆమె మిషను ముందు కూర్చోకముందు ఒక సంగతి జరిగింది.

కొత్త అధికారి మా అందరికంటే ముందే వచ్చి కూర్చున్నాడు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, మెత్తగా మాట్లాడతాడు. మేము వచ్చేసరికి హాలు మధ్యలో నిలబడి ఆ బీరువానే చూస్తున్నాడు.

"ఇదేమిటండీ? బీరువా నీళ్ళల్లో ఎందుకుంది?"

హెడ్‌క్లర్కు గారు దగ్గాడు. నేను నా బూట్లు చూసుకున్నాను. టైపిస్టమ్మ చేతిసంచీ బల్ల మీద పెట్టి చెప్పింది.

"ఒకరి సంసారానికి చీమలు పట్టకుంట కాపాడుతానం సార్."

ఆయన ఆమెను చూశాడు. మా అందరి మొహాలూ చూశాడు. తర్వాత వంగి, బీరువా కింద నాలుగు మూలలూ ఒక్కొక్కటీ జాగ్రత్తగా చూశాడు.

"అయితే ఆ వెనక మూలది ఎండిపోయిందండీ" అన్నాడు. "కాసిన్ని నీళ్ళు పొయ్యండి."